పసిబిడ్డల చేతిపని వస్తువులు

పుట్టిన నాటి నుంచి సుమారు రెండేళ్ళు నిండేదాకా బిడ్డ వాడకం కోసం ఇంట్లోవాళ్ళు గాని, ఊరి పనివాళ్ళు గాని చేత్తోనో, కుట్టుమిషన్, తరిమెన (చెక్కను తిప్పుతూ చెక్కే సాధనం) వంటి చిన్న సాధనాలతోనో తయారుచేసే వస్తువులు పసిబిడ్డల చేతిపని వస్తువులు. పొత్తిగుడ్డలు, బొంతలు, జుబ్బాలు, ఊలు టోపీలు, మేజోళ్ళు, చీర ఉయ్యాలలు, గుడ్డబొమ్మలు, గిలక్కాయలు, లక్క బొమ్మలు, మూడు చక్రాల నడకబండి ఈ కోవలోవి. వీటిలో చాలావాటిని బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు సందర్భాల్లో కానుకలుగా ఇస్తారు. వెండి మొలతాడు, మురుగులు, ఉగ్గుగిన్నె వంటివి కంసాలి, కంచరి పనికి చెందినవి కాబట్టి ఈ వ్యాసంలో సందర్భం వచ్చినచోట మాత్రమే ప్రస్తావనకు వస్తాయి.

ఈ వస్తువులన్నిటికీ మూడు లక్షణాలు ఉమ్మడి. ముడిసరుకు మెత్తగానో నున్నగానో ఉంటుంది. మురికైతే సులువుగా శుభ్రం చేసుకోవచ్చు. బిడ్డ ఎదిగాక ఆ వస్తువు చెల్లెలికో, తమ్ముడికో, చుట్టాల ఇంటికో చేరుతుంది. ఈ మూడూ లేని వస్తువు ఎంత అందంగా ఉన్నా పసిబిడ్డ వాడకానికి తగదు, అలంకారానికే పనికివస్తుంది.

చరిత్ర

పసిబిడ్డల వస్తువుల్లో పాతకాలం నుంచి మిగిలినవి మట్టివి, చెక్కవి, లోహానివి మాత్రమే. గుడ్డతో చేసినవి చిరిగేదాకా వాడి, చివరికి మసిగుడ్డలుగా మార్చేవారు కాబట్టి వాటి ఆనవాళ్ళు దాదాపు దక్కలేదు. అందువల్ల ఈ చేతిపనుల లిఖిత చరిత్ర బొమ్మలవైపు మొగ్గింది. ఇళ్ళలో ఎక్కువగా సాగిన కుట్టుపనికి దానిలో చోటు తక్కువ.

సింధు నాగరికతకు చెందిన హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో గుండ్రటి మట్టి గిలక్కాయలు దొరికాయి. లోపల చిన్న మట్టి గుళికలు వేసి మూసి కాల్చినవి ఇవి. చక్రాలున్న మట్టి బండ్లు కూడా అక్కడ దొరికాయి. శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’ పేరుకు అర్థం మట్టిబండి. బంగారు బండి కావాలని ఏడ్చే పిల్లవాడి మట్టిబండిని నాటక నాయిక వసంతసేన తన నగలతో నింపే ఘట్టం నుంచి నాటకానికి ఆ పేరు వచ్చింది.

తెలుగు ప్రాంతంలో దారపు అల్లిక వ్యాపారంగా మారిన చోటు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మక్రే మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు క్రోషే లేసు నేర్పారు. నూలుదారం, కొక్కెం సూది తప్ప వేరే సాధనం అక్కరలేని పని కావడంతో అది చుట్టుపక్కల గ్రామాలకు పాకింది. ఊలు అల్లిక వ్యాపారంగా కాక ఇంటిపనిగానే వ్యాపించింది. బడుల్లోని కుట్టు పాఠాలు, స్త్రీల శీర్షికల్లో పత్రికలు ప్రచురించిన నమూనాలు దానికి తోడ్పడ్డాయి.

ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో ప్లాస్టిక్ బొమ్మలు, రెడీమేడ్ దుస్తులు, వాడిపారేసే డైపర్లు వచ్చాక ఇంటి కుట్టుపని తగ్గింది. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రసవించిన తల్లులకు 2017 జూన్‌లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డ దుస్తులు, దోమతెర, బొమ్మలు తయారుగానే ఉండేవి. ఫిన్లాండ్‌లో 1930ల చివర మొదలైన ప్రసూతి పెట్టెలో మాత్రం తొలినాళ్ళలో తల్లులే కుట్టుకోవడానికి గుడ్డ ఇచ్చేవారు, తర్వాతే కుట్టిన దుస్తులు చేరాయి.

ముడిసరుకులు

పాత నూలు గుడ్డ. పసిబిడ్డ వస్తువులకు మొదటి ముడిసరుకు ఇదే. కొత్త నేతగుడ్డలో గంజి ఉంటుంది, నూలు బిరుసుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలోనో పంచెలోనో గంజి పూర్తిగా పోయి, పోగులు వదులై, నీటిని త్వరగా పీల్చుకునే గుణం పెరుగుతుంది. కొత్త బట్టను బలమైన రంగులతో అద్దితే మొదటి ఉతుకుల్లో రంగు వదులుతుంది, పాతగుడ్డతో ఆ ఇబ్బంది ఉండదు. పుట్టిన బిడ్డకు తొలిసారి పాతగుడ్డే తొడగాలన్న ఆచారం అనేక తెలుగు కుటుంబాల్లో ఉంది. పుట్టకముందే బిడ్డ కోసం కొత్త వస్తువులు కొనకూడదన్న పట్టింపు కూడా దీనితో కలిసి సాగుతుంది. నమ్మకం ఎలా మొదలైనా, పసిచర్మానికి అది అనుకూలమైన పద్ధతే.

ఇతర గుడ్డలు, దారాలు. కొత్తగా కొనేటప్పుడు మల్లుగుడ్డ, పలుచని ఖద్దరు, ఫ్లానెల్ వాడతారు. పాలియెస్టర్, నైలాన్ చెమటను పీల్చవు, వేడిని పట్టి ఉంచుతాయి. ఊలులో అక్రిలిక్ దారం చవక, ఉతకడానికి తేలిక. గొర్రె ఊలు వెచ్చదనం ఎక్కువగా ఇచ్చినా కొందరు బిడ్డల చర్మానికి గరగరలాడుతుంది కాబట్టి లోపల నూలు జుబ్బా తొడిగి పైన వేస్తారు. బొమ్మలు, చిన్న దిండ్లు నింపడానికి పత్తి, బూరుగుదూది వాడతారు. బూరుగుదూది తేలిక, కాని తడిస్తే గడ్డకట్టి త్వరగా ఆరదు.

చెక్క, లక్క. తెలుగు బొమ్మల్లో రెండు చెక్కలు ముఖ్యమైనవి. ఏటికొప్పాక పనివాళ్ళు వాడేది అంకుడు కర్ర. దీన్నే తెల్లపాల అనీ అంటారు. ఇది పొర కనిపించని నున్నటి చెక్క, తరిమెన మీద పట్టడానికి అనువైనది. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి వాడతారు. అది చాలా తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది. ఈ తేడా వల్ల వాటి ఉపయోగమూ వేరవుతుంది (చూడు: ఆట వస్తువులు).

రకాలు

పొత్తిగుడ్డలు, దుస్తులు

బిడ్డను చుట్టే చదరపు గుడ్డ, మడిచి కట్టే గోచీ గుడ్డలు అన్నిటికన్నా సులువైనవి. అంచులు మడిచి కుట్టడమే పని. బాగా మెత్తబడే దాకా వాడిన పంచె నాలుగైదు పొత్తిగుడ్డలవుతుంది.

జుబ్బా తయారీలో మరికాస్త ఆలోచన ఉంది. అర మీటరు గుడ్డను మడిచి, చేతులతో సహా ఒకే ముక్కగా కత్తిరిస్తారు. పసిబిడ్డ మెడ నిలవదు కాబట్టి తలమీంచి తొడగనవసరం లేకుండా ముందుగాని, వెనకగాని పూర్తిగా తెరిచి ఉంచుతారు. గుండీలకు బదులు పొట్టి నాడాలు కుడతారు. కుట్టు అంచులు చర్మానికి ఒరుసుకోకుండా బయటివైపుకు తిప్పడం పాతకాలపు అలవాటు. చూడడానికి తిరగేసి తొడిగినట్టు ఉన్నా బిడ్డకు హాయిగా ఉంటుంది. బొడ్డు ఊడేదాకా నడుము దగ్గర బిగించే లాగులు వేయరు.

అల్లికలు

ఊలు టోపీ, మేజోళ్ళు, స్వెట్టర్ రెండు సూదులతో అల్లుతారు. ఒక్క కొక్కెంతో అల్లేది క్రోషే. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ చుట్టుకొలత రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా అల్లితే జారకుండా కూర్చుంటుంది. శరీర పరిమాణంతో పోలిస్తే పసిబిడ్డ తల పెద్దది కావడంతో అక్కడి నుంచి వేడి ఎక్కువగా పోతుంది, పుట్టిన వెంటనే టోపీ పెట్టడానికి కారణం ఇదే. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు ఈ టోపీ మరింత అవసరం. మేజోళ్ళలో లోపలివైపు వదులు పోగులు వేళ్ళకు చుట్టుకునే ప్రమాదం ఉంది. తొడిగే ముందు తిరగేసి చూడాలి.

డెన్మార్క్‌లో 2013లో నెలలు నిండని శిశువుల కోసం స్వచ్ఛందంగా క్రోషే ఆక్టోపస్ బొమ్మలు అల్లి ఆసుపత్రులకు ఇవ్వడం మొదలై ఇతర దేశాలకు వ్యాపించింది. బొమ్మ చేతులు పట్టుకున్న శిశువు గొట్టాలను లాగదన్నది దాని వెనక ఆలోచన. దీనికి గట్టి వైద్య నిరూపణ లేదు, అందుకే ఏ ఆసుపత్రి నియమం ఆ ఆసుపత్రిదే.

బొంత

పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టే పరుపుగుడ్డ బొంత. దేశంలో అనేక ప్రాంతాల్లో దీని తోబుట్టువులున్నాయి. బెంగాల్‌లో కంథా, బీహార్‌లో సుజని, కర్ణాటక ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీల కవంది అలాంటివే. సుజని మొదట అప్పుడే పుట్టిన బిడ్డను చుట్టడానికి పుట్టింది. తర్వాత కథలు చెప్పే కుట్టుచిత్రంగా పేరు తెచ్చుకుంది. తెలుగు బొంతకు అలాంటి ప్రచారం దక్కలేదు. బొంతలో బొమ్మలు తక్కువ. ఇంటి అవసరం తీర్చడమే దాని పని కావడం వల్ల దాన్ని కళగా లెక్కించిన వారు కూడా తక్కువ. పొరలు సమంగా పేర్చి, ముడుత పడకుండా, దగ్గర దగ్గర కుట్లతో పూర్తిచేసిన పాతబొంతను చూస్తే ఆ లెక్క సరికాదని తెలుస్తుంది.

తయారీ ఇలా సాగుతుంది. ఆరు గజాల నూలుచీరను ఉతికి ఎండలో ఆరబెట్టి, జరీ అంచు ఉంటే తీసేస్తారు. చీర సుమారు 5.5 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పొడవునా ఆరు మడతలు వేస్తే దాదాపు 90 సెంటీమీటర్ల అడ్డం, 115 సెంటీమీటర్ల నిడివి ఉన్న ఆరు పొరలు వస్తాయి. ఇది ఉయ్యాలకూ, చాపమీద పరచడానికీ సరిపడే కొలత. బాగా చిరిగిన భాగాలు నడిమి పొరల్లోకి, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ వచ్చేలా సర్దుతారు. నేలమీద పరచి నాలుగు మూలలా బరువులు పెట్టి, అరచేత్తో నడుమ నుంచి అంచులవైపు దులుపుతూ ముడుతలు పోగొడతారు. ముందు దూరదూరంగా కచ్చాకుట్టు వేసి పొరలు కదలకుండా చేస్తారు. ఆ తర్వాత అసలు కుట్టును కూడా నడుమ నుంచే మొదలుపెడతారు. అంచుల నుంచి మొదలుపెడితే మిగులు గుడ్డ మధ్యలో పోగై ఉబ్బుతుంది. వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచుతారు. ఎడం మరీ ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి పొరలు ముద్దకడతాయి. దారం ముడులు పొరల మధ్య దాచి, చివర్లో చీర అంచునే నాలుగు వైపులా మడిచి కుడతారు. చేతితో చేస్తే తీరిక వేళల్లో కొన్నాళ్ళ పని. మిషన్ మీద త్వరగా అవుతుంది గాని, మిషన్ కుట్టు బిగుతుకు బొంత కొంచెం బిరుసెక్కుతుంది.

తడి పీల్చడం, ఎండలో తొందరగా ఆరడం, ఎన్నిసార్లు ఉతికినా మెత్తబడుతూ పోవడం బొంత గుణాలు. అమెరికాలో కూతురి పురుడుకు వెళ్ళే తెలుగు తల్లుల పెట్టెల్లో బొంతలు, పాతగుడ్డలు ఉండటానికి ఇదే కారణం.

ఉయ్యాల, దాని అలంకరణ

దూలానికో కొమ్మకో చీర కట్టి చేసే ఉయ్యాల పొలం పనులకు వెళ్ళే తల్లులకు అందుబాటులో ఉన్న సాధనం. ఇళ్ళలో చెక్క తొట్టి, వెదురు తొట్టి వాడేవారు. తెలంగాణలో దీన్ని తొట్టెల అంటారు. ఉయ్యాల మీద గుడ్డ చిలకలు, పావురాలు, పూసల కుచ్చులు వేలాడదీయడం సాధారణ అలంకరణ.

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనివే స్పష్టంగా కనిపిస్తాయి. తొలి వారాల్లో లేతరంగుల కన్నా నలుపు తెలుపుల వంటి గట్టి తేడా ఉన్నవి చూపును ఎక్కువగా ఆకర్షిస్తాయి. మాంటిస్సోరి పద్ధతిలో మొదటగా వేలాడదీసే నలుపు తెలుపు అమరికకు ఇటలీ కళాకారుడు బ్రూనో మునారి పేరు పెట్టారు. అట్టముక్కలు, దారంతో ఇంట్లో దీన్ని చేసుకోవచ్చు. బొమ్మల పక్కభాగం కాక పొట్టభాగమే కింద పడుకున్న బిడ్డకు కనిపిస్తుంది కనుక గుడ్డ చిలకలకు రంగు తేడాలు అడుగువైపు ఉండేలా కుట్టడం మేలు.

ఆట వస్తువులు

తాటాకు అల్లి, లోపల చిన్న రాళ్ళో గింజలో వేసి చేసే గిలక్కాయ ఊళ్ళలో తేలికగా దొరికేది. ఆకు పెళుసైతే అంచులు కోసుకుంటాయి, గింజలు జారతాయి. అందువల్ల అది పెద్దవాళ్ళు పట్టుకుని ఆడించడానికే పనికివస్తుంది. బిడ్డ చేతికి ఇవ్వడానికి తరిమెన పట్టిన చెక్క గిలక్కాయ నయం.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక ఇలాంటి లక్క వస్తువులకు ప్రసిద్ధం. తరిమెన మీద గిరగిరా తిరుగుతున్న చెక్కకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. కుంచెతో పూసే రంగులా ఇది పెళ్ళలుగా ఊడదు. రసాయన రంగుల వాడకం పెరిగిన కాలంలో సి.వి. రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి మొక్కల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొండపల్లి బొమ్మల సంగతి వేరు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, పైన రంగులు వేస్తారు. తడి తగిలినా, నమిలినా అవి నిలవవు. ఏనుగు అంబారీ, దశావతారాలు, కల్లుగీత కార్మికుడు బొమ్మలకొలువులో ఉండవలసినవి. వాటిని పసిబిడ్డ నోటికి అందే చోట పెట్టడం బొమ్మకూ బిడ్డకూ మంచిది కాదు.

గుడ్డబొమ్మ కుట్టేటప్పుడు కళ్ళకు గుండీలు, పూసలు వాడక దారంతోనే గొలుసుకుట్టు, కాడకుట్టు వేస్తారు. మెడ సన్నగా ఉంటే ముందు అక్కడే చిరుగుతుంది కాబట్టి తలా మొండెం ఒకే ముక్కగా కత్తిరించిన బొమ్మ ఎక్కువకాలం ఉంటుంది.

నిలబడడం నేర్చే పిల్లలకు వడ్రంగి చేసే మూడు చక్రాల నడకబండిలో బిడ్డ తన కాళ్ళమీద నిలబడి బండిని నెడుతుంది. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్ దీనికి పూర్తిగా భిన్నం. మెట్ల మీంచి పడే ప్రమాదాల వల్ల ఆ వాకర్లను కెనడా 2004లో నిషేధించింది. నడకబండి చక్రాలు మరీ జోరుగా తిరగకుండా ఉండాలి. తేలికగా బోల్తాపడకుండా అడుగున బరువుండాలి.

వేడుకలు, కానుకలు

తెలుగు హిందూ కుటుంబాల్లో బారసాల పదకొండో రోజునో, ఇరవైఒకటో రోజునో జరుగుతుంది. ఉయ్యాల అలంకరించి బిడ్డను తొలిసారి అందులో వేసే వేడుక అది. అమ్మమ్మ గారింటి నుంచి ఉయ్యాల, పక్కగుడ్డలు, మేనమామ నుంచి వెండి మొలతాడు, మురుగులు రావడం చాలాచోట్ల పరిపాటి. వెండి, బంగారం పెట్టెలోకి చేరతాయి. మొదటి ఏడాదంతా రోజూ వాడుకలో ఉండేవి మాత్రం అమ్మమ్మో నాయనమ్మో కుట్టిన బొంతలు, జుబ్బాలే. పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే క్రైస్తవ సంఘాల్లో తెల్లని గౌను, లేసు టోపీ కుట్టించే అలవాటు ఉంది.

కానుక తయారుచేసేవాళ్ళు బిడ్డ ఇప్పటి కొలతకు కాక మూడు నెలల తర్వాతి కొలతకు కుట్టడం వివేకం. పుట్టిన బిడ్డ జుబ్బా కొన్ని వారాలకే చాలదు. వేసవిలో పుట్టిన బిడ్డకు స్వెట్టర్ అల్లితే చలికాలానికి సరిపోయేంత పెద్దదిగా అల్లాలి.

భద్రత

చేతితో చేసినదైనంత మాత్రాన వస్తువు సురక్షితం కాదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాన్ని వాడతారు. దానిలో పూర్తిగా ఇమిడిపోయే భాగం గొంతులో అడ్డుపడగలదు. గుండీ, పూస, గజ్జె, ఊడివచ్చే చక్రం ఏదైనా ఈ కొలతకు లోబడిందే. బిడ్డ చేతికి ఇచ్చే బొమ్మకు తాడు జానెడుకన్నా పొట్టిగా ఉండాలి.

మెడలో నల్లపూసల దండ, చేతికి వసకొమ్ము ముక్కల కంకణం కట్టే ఆచారం దిష్టి నమ్మకంతో ముడిపడింది. వీటిలో దారం మెడకు బిగియడం, పూస తెగి నోట్లోకి పోవడం అనే రెండు ప్రమాదాలున్నాయి. దంతాలు వచ్చే వయసు పిల్లలకు వేసే దండలు, కంకణాల విషయంలో అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018లో ఇలాంటి హెచ్చరికే చేసింది. ఆచారం పాటించదలచిన కుటుంబాలు బిడ్డ మేలుకొని పెద్దల కళ్ళెదుట ఉన్నంతసేపే వేసి, నిద్రపుచ్చేముందు తీసేయాలి.

నిద్ర విషయంలో శిశువైద్యుల సలహా స్పష్టం. మొదటి ఏడాది బిడ్డను వెల్లకిలా, గట్టిగా ఉన్న సమతలమైన పక్కమీద పడుకోబెట్టాలి. దిండు, వదులు దుప్పటి, మెత్తని బొమ్మ పక్కన ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని వాడే ఆవాల దిండుకూ ఈ సలహా వర్తిస్తుంది. పలుచని బొంతను కింద బిగుతుగా పరచవచ్చు, పైన వదులుగా కప్పకూడదు. చీర ఉయ్యాలలో గుడ్డ వంగి బిడ్డ గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరికి అడ్డం వస్తుంది కనుక పెద్దలు చూస్తూ ఉన్నంతసేపే అందులో వేయాలి. పొత్తిగుడ్డ చుట్టేటప్పుడు కాళ్ళు నిటారుగా చాపి బిగిస్తే తుంటికీలు పక్కకు తప్పే ప్రమాదం ఉంది. మోకాళ్ళు మడుచుకునేంత వదులు ఉండాలి. బిడ్డ దొర్లబోతున్న సూచన కనబడగానే చుట్టడం మానేయాలి. ఉయ్యాలకు వేలాడే చిలకలను బిడ్డ చేతులకు అందే వయసు రాకముందే తీసేయాలి.

రంగుల్లో సీసం మరో ప్రమాదం. ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన పాత తొట్టిని, బండిని మళ్ళీ వాడాలంటే పాతరంగును ఇంట్లోనే గరుకు కాగితంతో గీకితే సీసం దుమ్ము లేస్తుంది కాబట్టి, ఆ చెక్కను బిడ్డకు వాడకపోవడమే మంచిది.

ఆర్థిక, చట్టపరమైన స్థితి

ఇంట్లో సాగే ఈ పనికి దక్కే విలువ గురించి ప్రసిద్ధమైన అధ్యయనం మరియా మీస్ రాసిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. 1982లో వెలువడిన ఈ పుస్తకం, లేసు అల్లే స్త్రీలను గృహిణులుగా, వారి పనిని తీరికవేళ వ్యాపకంగా లెక్కించడం వల్ల కూలి ఎంత తక్కువ స్థాయిలో ఉండిపోయిందో చూపింది. ప్రపంచ మార్కెట్‌కు చేరే సరుకు తయారుచేస్తున్నా వారు కార్మికులుగా గుర్తింపు పొందలేదు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో అల్లే టోపీలకూ, కుట్టే జుబ్బాలకూ ధర కట్టేటప్పుడు నేటికీ దారం ఖర్చు లెక్కకు వస్తుంది గాని అల్లిన గంటలు రావు.

భారత ప్రభుత్వపు బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు ఐఎస్ 9873 తదితర ప్రమాణాల మేరకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, నమోదైన వారు తయారుచేసే భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఉంది. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఈ మినహాయింపు కిందికి వస్తాయి. సొంత బిడ్డకో, చుట్టాల బిడ్డకో కుట్టి ఇచ్చే బొమ్మకు ఏ అనుమతీ అక్కరలేదు.